ఒంట్లో రచ్చ

మా ఇన్‌స్టిట్యూట్‌లో జువాలజీ చదివేవాళ్ళు ఎవరూ లేరు. బట్టీపట్టేవాళ్ళు మాత్రం నాలుగొందల మంది ఉన్నారు. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద మా ఫ్లెక్సీ ఏది చూసినా పై వరసలో నా ఫోటో ఉంటుంది, కింద ‘బిందుమాధవి మేడం, ఇరవై రెండేళ్ళ అనుభవం’ అని ఉంటుంది. ఫోటో పన్నెండేళ్ళ కిందటిది. అనుభవం మాత్రం నిజమే. ఆ ఇరవై రెండేళ్ళూ నేనేం చెప్పబోయినా బెంచీల్లోంచి వచ్చింది ఒకటే ప్రశ్న, మేడం ఇది పేపర్లో వస్తదా అని. రాదంటే పెన్నులన్నీ ఒకేసారి కిందకి దిగుతాయి. వీళ్ళు డాక్టర్లవుతారట. రేపు మన నాడి పట్టుకునేది వీళ్ళేనట.

మా డైరెక్టర్ శ్రీరామమూర్తి ఇంకో రకం. ఒకప్పుడు ఫిజిక్స్ చెప్పేవాడు, ఇప్పుడు నిమిషాలు లెక్కపెడుతుంటాడు. ఏ పాఠానికి ఎన్ని మార్కులో, అన్ని మార్కులకి ఎన్ని నిమిషాలో గోడకి చార్టు వేయించాడు. కిందటేడు రోగనిరోధక శక్తి పాఠంలో టి కణం ఎలా మేలుకుంటుందో నలభై నిమిషాలు చెప్పానని నన్ను క్యాబిన్‌కి పిలిచాడు. సిలబస్‌లో దాని గురించి ఉన్నది రెండు లైన్లట, రెండు లైన్లకి రెండు నిమిషాలు చాలట, పేరెంట్స్ ఫోన్లు చేస్తున్నారట. నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళికి ముందు యూనివర్సిటీ ల్యాబ్‌లో రెండేళ్ళు ఆ కణాల మీదే పనిచేసినదాన్ని. పీహెచ్‌డీ మధ్యలో వదిలేశాను గానీ నేర్చుకున్నది ఎక్కడికీ పోలేదు. వినే నాథుడే లేడు, అంతే.

ఆ వినే మనిషి గ్రౌండ్ ఫ్లోర్‌లో దొరికాడు. మా బిల్డింగ్ కిందే దశరథ గారి చేనేత చీరల దుకాణం. పోచంపల్లి మనిషి. చిన్నప్పుడే మగ్గం ఎక్కాడు, ముప్పై ఏళ్ళ కింద దిగి ఇక్కడికొచ్చి దుకాణం పెట్టాడు. చదువు ఏడో తరగతి. వయసు అరవై రెండు. కిందటేడు క్యాన్సర్ గడ్డ ఉందని ఒక కిడ్నీ తీసేశారు. ఈ ఏడు ఊపిరితిత్తుల్లో మచ్చలు కనిపించాయి. ఎల్‌బీ నగర్‌లో ఒక హాస్పిటల్లో రెండు కొత్త మందులు కలిపి మూడు వారాలకోసారి సెలైన్‌లో ఎక్కిస్తామన్నారు. మొత్తం నాలుగుసార్లు. పన్నెండో వారం స్కాన్ తీసి చూస్తామన్నారు.

ఒకరోజు మధ్యాహ్నం నేను లిఫ్ట్ కోసం నిలబడి ఉంటే ఆయన నాలుగు కాగితాలు పట్టుకుని బయటికొచ్చాడు. డాక్టరమ్మ ఐదు నిమిషాలు మాట్లాడిందట, సగం ఇంగ్లీషట, కాగితాలు చేతిలో పెట్టి పంపిందట. జర నాకు సమజయ్యెటట్టు మీరు చెప్పండి మేడం అన్నాడు. ఐదు నిమిషాలన్న మాట వినగానే ఆ డాక్టర్ ఎలాంటిదో నాకు తెలిసిపోయింది. నా దగ్గర బట్టీపట్టి సీటు తెచ్చుకున్న రకమే అయ్యుంటుంది. చెప్పులు విడిచి దుకాణంలో తెల్లటి పరుపు మీద కూర్చున్నాను. ఆయన భార్య లింగమ్మ టీ తెప్పించింది.

ఆ రోజు నేను చెప్పినట్టు ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పటికీ అంటాను ఆ మాట.

టి కణం అంటే ఒంట్లో తిరిగే సిపాయి అనుకోండి అన్నాను. దాని ఒంటినిండా బయటికి పొడుచుకొచ్చిన ప్రోటీన్లుంటాయి. ఎవడు శత్రువో దానంతట దానికి తెలియదు. ఇంకో కణం వచ్చి శత్రువు ముక్క ఒకటి పట్టుకుని చూపించాలి. ఆ ముక్కని టి కణం తన మీదున్న ప్రోటీన్‌తో పట్టుకుంటుంది. అది మొదటి సంకేతం. అంతమాత్రాన అది కదలదు. చూపించే కణం మీద బి7 అని ఇంకోటుంటుంది, టి కణం మీద సీడీ28 అని ఒకటుంటుంది. అవి రెండూ కూడా కలుసుకోవాలి. అది రెండో సంకేతం. మొదటిది వచ్చి రెండోది రాలేదనుకోండి, టి కణం మొద్దుబారిపోతుంది, ఆ తర్వాత పిలిచినా పలకదు. ఇదంతా చెప్తూ నేను పరుపు మీద వేళ్ళతో బొమ్మలు గీస్తున్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, మా చీర లెక్కనే ఉంది అన్నాడు. వాళ్ళ దగ్గర డబుల్ ఇక్కత్ చీరకి నిలువు పడుగు దారం మీదా అడ్డం పేక దారం మీదా ముందే పువ్వు కట్టి రంగు అద్దుతారట. మగ్గం మీద ఆ రెండూ ఒకచోట కలిస్తేనే పువ్వు నిలుస్తుందట, ఒక్కటే ఉంటే మసకగా పోతుందట. పైన మూడో అంతస్తులో ఏసీ గదుల్లో నాలుగొందల మంది కూర్చున్నారు. వాళ్ళలో ఒక్కడికి, ఒక్కడంటే ఒక్కడికి, ఈ ముక్క తట్టలేదు.

ఇక నన్నెవరు ఆపుతారు. బ్రేకుల దగ్గరికొచ్చాను. టి కణం మేలుకున్నాక దాని మీదికి సీటీఎల్ఏ-4 అని ఇంకో ప్రోటీన్ వస్తుంది. అది కూడా ఆ బి7 కోసమే వస్తుంది, సీడీ28 కంటే గట్టిగా పట్టుకుంటుంది, దాన్ని పక్కకి నెట్టేస్తుంది. దాంతో రెండో సంకేతం ఆగిపోతుంది. పీడీ-1 అని ఇంకో బ్రేకు కూడా ఉంది. క్యాన్సర్ కణం దొంగది, దానికి సరిపోయే ప్రోటీన్‌ని తన ఒంటి మీద మొలిపించుకుంటుంది. సిపాయి దగ్గరికి రాగానే ఆ ప్రోటీన్‌తో దాని బ్రేకు నొక్కుతుంది, సిపాయి వెనక్కి తిరిగిపోతుంది. మీకు ఎక్కించబోయే రెండు మందుల్లో ఒకటి ఆ బ్రేకు మీద కూర్చుంటుంది, ఇంకోటి ఈ బ్రేకు మీద కూర్చుంటుంది, రెండిటినీ ఇక పనిచేయనివ్వవు అన్నాను. బ్రేకులు రెండూ పీకేస్తే మీ సైన్యమే మీ రోగాన్ని తింటుంది. మధ్యలో ఎవరైనా స్టెరాయిడ్ ఇస్తానంటే జాగ్రత్త, ఆ సైన్యం నోట్లో గుడ్డలు కుక్కినట్టే అని కూడా అన్నాను. అడక్కపోయినా అన్నాను. మాటల జోరు అలాంటిది.

అప్పుడాయన అడిగాడు. స్కాన్ పన్నెండు వారాలకి గదా, మందు పని చేస్తున్నదో లేదో అందాక ఎట్ల తెలుస్తది మేడం?

తెలియదు అనాలి. అక్కడ అనాల్సిన మాట అదొక్కటే. కానీ ఆయన కళ్ళు నా మీదే ఉన్నాయి, లింగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటోంది, టీ పట్టుకొచ్చిన మనిషి కూడా నిలబడిపోయాడు. అప్పటికే నలభై నిమిషాలు దాటింది, ఎవరూ పెన్ను కింద పెట్టలేదు. పిల్లలు నా మాటలు ఫోన్లలో స్టేటస్ పెట్టుకుంటారని నాకో గర్వం ఉంది. పాఠం చివర ఒక్క లైను విసిరి వెళ్ళడం నా అలవాటు. ఆ అలవాటే నోట్లోంచి వచ్చింది.

“ఒంట్లో రచ్చ జరుగుతోందంటే మందు పనిచేస్తోందన్నమాట,” అన్నాను.

లింగమ్మ కాగితాల్లో ఎర్ర అక్షరాలున్నది తీసి చూపించింది. మామూలు కంటే రోజుకి నాలుగుసార్లు ఎక్కువ విరేచనాలైతే వెంటనే ఈ నంబరుకి ఫోన్ చేయండి అని ఉంది అందులో. దాని కింద ఊపిరాడకపోతే, కళ్ళు పచ్చబడితే అంటూ ఇంకా ఏవో. తెలుగు ఘోరంగా ఉంది. నాకు నవ్వొచ్చింది. ఇవన్నీ చదివి భయపడకండి, రేపు ఎవరైనా కేసు వేస్తారేమోనని వాళ్ళ జాగ్రత్తకి వాళ్ళు రాసుకుంటారు అన్నాను. లింగమ్మ కాగితం మడిచి చీరల పెట్టె కింద పెట్టేసింది.

మొదటి డోసు అయిన పది రోజులకి ఆయనకి వీపు మీద ఎర్రటి దద్దుర్లు వచ్చాయి. మెట్ల దగ్గర నన్ను ఆపి, చొక్కా ఎత్తి మరీ చూపించాడు. మొహం వెలిగిపోతోంది. రచ్చ మొదలైంది మేడం అన్నాడు. చూశారా అన్నాను నేను. ఆ రోజు శ్రీరామమూర్తి చార్టు ముందు నిలబడి ఎవరి మీదో అరుస్తుంటే నాకు జాలేసింది కూడా. నన్ను క్లాసులో చెప్పనివ్వని పాఠం కింద దుకాణంలో బతికుంది, దద్దుర్లు వేసుకుని మరీ తిరుగుతోంది.

రెండో డోసు అయ్యాక పరీక్షల హడావుడి వచ్చిపడింది. రోజుకి ఆరు క్లాసులు. కింద దుకాణం షట్టర్ సగానికి దింపి ఉండటం చూశాను గానీ ఆగలేదు. పెళ్ళిళ్ళ సీజన్ కాదు కదా, బేరాలు లేవేమో అనుకున్నాను. అలా పది, పన్నెండు రోజులు పోయాయి. ఒకనాడు పొద్దున తొమ్మిదింటికి ఆయన కూతురు ప్రసన్న షట్టర్ ఎత్తి లోపల్నుంచి ఏదో తీసుకుని పోతూ కనిపించింది. బ్యాంకులో పనిచేస్తుంది, నిదానమైన పిల్ల. నాయిన బాగున్నారా అంటే, జర వీకయిండు గానీ మందు మంచిగ పనిచేస్తున్నది మేడం అంది. ఎలా తెలుసన్నాను. రోజుకి పదిహేను, పదహారుసార్లు పోతున్నడు గదా అంది, ఎదురు నన్నే అడిగినట్టు.

నేను లోపలికి చూశాను. ఆయన కూర్చునే చోటికి పైన, దేవుడి పటాల పక్కన, చీరల డబ్బా అట్టముక్క ఒకటి అతికించి ఉంది. దాని మీద స్కెచ్ పెన్నుతో గుండ్రంగా రాసి ఉంది, ఒంట్లో రచ్చ జరుగుతోందంటే మందు పనిచేస్తోందన్నమాట అని. కింద బిందుమాధవి మేడం అని నా పేరు కూడా రాశారు.

క్లాసు ఉన్నా ఎవరికీ చెప్పకుండానే ప్రసన్న స్కూటీ వెనక ఎక్కాను. వాళ్ళ ఇల్లు అల్మాస్‌గూడలో. దారిలో నేను అడిగేకొద్దీ ఆ పిల్ల ఒక్కోటీ చెప్పింది. మొదలై తొమ్మిది రోజులు. నిన్నటి నుంచి రక్తం పడుతోంది. కడుపు ముట్టుకోనివ్వడం లేదు. హాస్పిటల్‌కి ఫోన్ చేయలేదు. చేస్తే మందు ఆపేస్తారని ఆయన చేయనివ్వలేదు. రచ్చ ఆగితే రోగం గెలుస్తదని అమ్మకి గూడ చెప్పిండు అంది.

ఇంటికెళ్ళేసరికి దశరథ గారు చాప మీద గోడకి ఒరిగి ఉన్నాడు. మూడు వారాల్లో మనిషి సగమయ్యాడు, పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. లింగమ్మ మజ్జిగ గ్లాసు పట్టుకుని పక్కనే కూర్చుంది. నేను చేసిన మొదటి పని ఏమిటంటే ఆవిడ మీద విరుచుకుపడటం. బుద్ధుందా మీకు, తొమ్మిది రోజులు మజ్జిగ పోస్తూ కూర్చుంటారా, నాలుగుసార్లయితే ఫోన్ చేయమని ఎర్ర అక్షరాల్లో రాసిస్తే చదువుకున్న కూతురుండి కూడా చూసుకోరా అని. ఇలాంటి మనుషుల్తో వేగలేం అని కూడా అన్నట్టున్నాను. ఆవిడ నావైపు నోరు తెరిచి చూసింది. ఆవిడకి కోపం కూడా రాలేదు.

“ఆ కాగితం వాళ్ళ జాగ్రత్తకి రాసుకున్నరని మీరే అంటిరి గద టీచరమ్మా,” అంది.

నాకు తెలియదా ఏమిటి. సీటీఎల్ఏ-4 లేకుండా పుట్టిన ఎలుకపిల్లలు నెల తిరక్కుండా చచ్చిపోతాయి. రోగమేదీ రాకుండానే చస్తాయి. వాటి టి కణాలే గుండెనీ, కాలేయాన్నీ, దొరికినదాన్నల్లా తినేస్తాయి. ల్యాబ్‌లో ఉన్నప్పుడు దీని మీద సెమినార్ ఇచ్చి చప్పట్లు కొట్టించుకున్నది నేనే. బ్రేకు పీకేసిన సైన్యానికి క్యాన్సరేదో పేగేదో తేడా ఉండదని, పేగు వాచి చిల్లు పడుతుందని, చిల్లు పడితే మనిషి గంటల్లో పోతాడని నాకు ఆ రోజు పరుపు మీద కూర్చున్నప్పుడు కూడా తెలుసు. చెబితే పాఠం అందం చెడుతుందని చెప్పలేదు. శ్రీరామమూర్తి మార్కులు రాని ముక్క వదిలేస్తాడు. నేను మెప్పు రాని ముక్క వదిలేశాను. అతని కంటే నేను ఎందులో గొప్పదాన్నో ఆలోచిస్తే ఏమీ దొరకలేదు.

ఆటో మాట్లాడుకుని బయల్దేరాం. ఎల్‌బీ నగర్ చౌరస్తా దగ్గర విజయవాడ బస్సులన్నీ రోడ్డుకి అడ్డం పడి జనాన్ని ఎక్కించుకుంటున్నాయి. కుదుపు వచ్చినప్పుడల్లా ఆయన కడుపు పట్టుకుంటున్నాడు. నేను డ్రైవర్ని తిట్టాను, బస్సుల్ని తిట్టాను, ఫ్లైఓవర్ కట్టినవాళ్ళని తిట్టాను. ఎవరినో ఒకరిని తిట్టకపోతే నోరు ఊరుకోవడం లేదు. దశరథ గారు మాత్రం, ఎందుకు మేడం పరేషాన్, మంచిగనే అయితున్నది గదా అన్నాడు.

ఐదు నిమిషాల డాక్టర్ పేరు అమల. ముప్పై ఐదేళ్ళుంటాయి, జుట్టు నిర్లక్ష్యంగా ముడేసుకుని ఉంది. కడుపు మీద చెయ్యి పెట్టగానే మొహం మారిపోయింది. అరగంటలో స్కాన్ తీయించింది. పెద్దపేగు గోడ అంతా వాచి ఉందని, ఇంకా చిల్లు పడలేదని, పడేలోపే స్టెరాయిడ్ పెద్ద డోసులో నరంలోకి ఎక్కించాలని ప్రసన్నకి చెప్పింది. సాయంత్రం దాకా ఆగే పని కూడా కాదంది. తర్వాత మంచం దగ్గరికొచ్చి తొమ్మిది రోజులు ఎందుకు ఊరుకున్నారని అడిగింది. ఒంట్ల రచ్చ అయితె మంచిదే గద అన్నాడాయన. రచ్చ జరిగితే మంచిదని ఎవరు చెప్పారు మీకు అంది.

నేను మంచానికి ఈ పక్కనే నిలబడి ఉన్నాను. దశరథ గారు నావైపు చూడను కూడా లేదు.

“ఎవ్వరు చెప్పలే. నేనే అనుకున్న,” అన్నాడు.

నాలుగొందల మంది ముందు మైకు పట్టుకుని గొంతు చించుకునే దాన్ని, సెలైన్ స్టాండు పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాను. ఏడో తరగతి చదివిన మనిషి, కడుపులో పేగు కాలుతుండగా, నా పరువు కాపాడుతున్నాడు. నేను కాపాడనిచ్చాను. నా మీద నాకు అసహ్యం వేసిందంటే అది చాలా చిన్న మాట.

నర్సు స్టెరాయిడ్ తెచ్చేసరికి ఆయన చెయ్యి దుప్పటి కిందకి లాగేసుకున్నాడు. వద్దన్నాడు. ప్రసన్న బతిమాలింది, లింగమ్మ ఏడ్చింది. డాక్టర్ అమల రెండుసార్లు వివరంగా చెప్పింది, ఈసారి తెలుగులోనే చెప్పింది. ఆయన వినలేదు. ఆయన లెక్క ఆయనకి సరిగ్గా ఉంది. సైన్యం నోట్లో గుడ్డలు కుక్కితే ఊపిరితిత్తుల్లో మచ్చలు మళ్ళీ లేస్తాయి. కడుపునొప్పికి భయపడి రోగాన్ని గెలిపించడమెందుకు? నేను చెప్పిన పాఠం ఒక్క ముక్క పోకుండా గుర్తుంది ఆయనకి. నా పిల్లల్లో ఇంత బాగా నేర్చుకున్నవాడు ఇంకొకడు లేడు. ఆ నేర్చుకున్నదానితోనే చచ్చిపోబోతున్నాడు.

“బిందుమాధవి మేడంను అడుగుండ్రి,” అన్నాడు చివరికి. “ఆమె ఇప్పియ్యమంటె ఇప్పిస్త.”

డాక్టర్ నావైపు తిరిగింది. ఎవరు చెప్పారో అప్పుడు తెలిసిపోయింది ఆ అమ్మాయికి. పక్కకి జరిగి దారిచ్చింది.

నేను మొదలుపెట్టాను. సిగ్గులేని నోరు నాది, మొదట సర్దుకోవడానికే చూసింది. ఒక్కోసారి సైన్యం అదుపు తప్పుతుంది దశరథ గారూ, అప్పుడు కొద్దిరోజులు నెమ్మదింపజేయాలి, ఇది కూడా ఆ మందులో భాగమే, ఆ రోజు టైము చాలక చెప్పలేదు అంటూ తీగలు సాగదీశాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. మంచి విద్యార్థి కదా, పట్టేశాడు.

“ఆ దినం రచ్చ అయితె మంచిదంటిరి. గిప్పుడు రచ్చ ఆపాలె అంటున్నరు,” అన్నాడు. “రెండిట్ల ఏది నిజం మేడం?”

గదిలో అందరూ నన్నే చూస్తున్నారు.

“ఆ రోజు నేను చెప్పింది తప్పు,” అన్నాను. గొంతు క్లాసు గొంతులా రాలేదు. “తెలియక కాదు. పేగుల మీదికి పోతే మనిషి ప్రాణం పోతుందని నాకు తెలుసు. మీరంతా అలా వింటుంటే నాకు బాగుంది, అందుకని అనేశాను. ఆ కాగితం గురించి అన్నదీ తప్పే. అది మీ జాగ్రత్త కోసమే రాశారు.”

లింగమ్మ ఏడుపు ఆపేసింది. ప్రసన్న మొహం పక్కకి తిప్పుకుంది. దశరథ గారు నా మొహంలోకి చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“మరి తక్కినయి?” అన్నాడు. “ఆ రెండు సంకేతాలు, ఆ బ్రేకులు?”

“అవి నిజం.”

“ఎట్ల నమ్మాలె?”

ఆయన నన్ను వదిలేసి డాక్టర్ వైపు తిరిగాడు. ఈ సూది ఇస్తే ఇన్ని దినాలు ఎక్కిచ్చిన మందు పని అంత పోతదా డాక్టరమ్మా అని అడిగాడు.

“తెలియదు,” అంది అమల. “చాలామందిలో పోవడం లేదు. మీ ఒంట్లో ఏమవుతుందో స్కాన్ తీసేదాకా నాకు తెలియదు. రచ్చ ఎక్కువైనవాళ్ళలో మందు బాగా పనిచేసిందని కొన్ని లెక్కలు కూడా ఉన్నాయి, పూర్తిగా అబద్ధమేం కాదు. కానీ ఇప్పుడు ఇది ఇవ్వకపోతే పేగుకి చిల్లు పడుతుంది. అది నాకు తెలుసు.”

ఆయన దుప్పటి కింద నుంచి చెయ్యి బయటికి తీసి చాపాడు.

ఐదు నిమిషాలు కూడా పట్టలేదు ఆ అమ్మాయికి. నేను నలభై నిమిషాలు తీసుకుని చంపబోయిన మనిషిని అరనిమిషంలో ఒప్పించింది. తెలిసినదీ తెలియనిదీ విడివిడిగా పెట్టి చూపించింది, ఆయన తనకి కావాల్సింది ఏరుకున్నాడు. ఆ విద్య నాకు ఎవరూ నేర్పలేదని అనుకోవడానికి లేదు. ల్యాబ్‌లో మొదటిరోజు నేర్పేది అదే.

శ్రీరామమూర్తి ఆ రోజు పదకొండుసార్లు ఫోన్ చేశాడట. ఒక్క క్లాసు పోయినందుకు పేరెంట్స్ గోల పెట్టారట. మర్నాడు నేను వెళ్ళి ఇద్దరు పిల్లల్ని అనవసరంగా తిట్టి, పాఠం ముగించి, చివరి లైను విసరకుండానే బోర్డు తుడిచేశాను. తర్వాత దశరథ గారి దుకాణం తాళం ప్రసన్న దగ్గర తీసుకుని ఆ అట్టముక్క పీకేశాను. గమ్ముతో అతికించారు. సగం వచ్చింది, నా పేరున్న సగం గోడకే ఉండిపోయింది. గోళ్ళతో గీకాల్సి వచ్చింది.

ఏ రోజుకారోజు లింగమ్మకి ఫోన్ చేసి అడిగేదాన్ని. ఆవిడ ఎక్కువ మాట్లాడేది కాదు. పన్నెండుసార్లు అనేది, మర్నాడు ఎనిమిది అనేది. రక్తం ఆగిందని నాలుగో రోజు చెప్పింది. ఆరో రోజు మెట్రో ఎక్కి ఎల్‌బీ నగర్ వెళ్ళాను. కింద మెడికల్ షాపు ముందు పావుగంట నిలబడి, కొబ్బరినీళ్ళ సీసా ఒకటి కొనుక్కుని పైకి ఎక్కాను.

ఆయన మంచం మీద కూర్చుని పెరుగన్నం తింటున్నాడు. మొహానికి కాస్త రక్తం వచ్చింది. పొద్దున్నుంచి ఒక్కసారే పోయాడని లింగమ్మ చెప్పింది. డాక్టర్ అమల వచ్చి వెళ్ళిందట. రెండు మందుల్లో పేగుని పట్టింది ఎక్కువగా మొదటి బ్రేకు మీద కూర్చునే మందేనట, అది ఈ జన్మకి ఇక ఇవ్వరట. రెండోదాన్ని, స్టెరాయిడ్ మెల్లగా తగ్గించి, స్కాన్ చూశాక ఒక్కదాన్నే మళ్ళీ మొదలుపెట్టొచ్చేమో చూస్తారట. ఆయన ఇదంతా నాకు అప్పజెప్పినట్టు చెప్పాడు. నర్సు నంబరు రాసిన కాగితం దిండు కింద పెట్టుకున్నాడు, అది కూడా చూపించాడు.

నేను కొబ్బరినీళ్ళ సీసా లింగమ్మకి ఇచ్చి స్టూలు మీద కూర్చున్నాను. ఆయన కంచం పక్కన పెట్టి, మూతి తుడుచుకుని, నావైపు తిరిగాడు.

“ఆ ఒక్క మందుతోని నేను బతుకుతనా మేడం?” అన్నాడు.

ఆ ఆరు రోజులూ నేను ఊరికే కూర్చోలేదు. దొరికిన రీసెర్చ్ పేపరల్లా చదివాను. రెండు డోసులకే ఆపాల్సొచ్చినవాళ్ళలో ఎంతమందికి మచ్చలు కరిగాయో, ఎంతమంది మూడేళ్ళు దాటారో, ఏ దేశంలో ఏ ట్రయల్ ఏం చెప్పిందో అన్నీ నోటిమీద ఉన్నాయి. మంచి అంకెలు కూడా ఉన్నాయి వాటిలో. లింగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తోంది. ఒక్క మంచి మాట చెబితే ఆవిడ ఆ పూట అన్నం తింటుంది. నా నాలుక దురదపెట్టింది, దాని సంగతి నాకు తెలుసు.

“తెలియదు దశరథ గారూ,” అన్నాను.

ఆయన తలూపాడు. దిండు సరిచేసుకుని వెనక్కి వాలాడు.

“గీ మాట నమ్ముత,” అన్నాడు.